తొలి అధ్యాయం ముందు రాయాలా, చివర రాయాలా?

తొలి అధ్యాయమంటే ఉపోద్ఘాతం. థీసిస్ పనిలో దిగినవాళ్లు ఎప్పుడో ఒకప్పుడు అడిగే ప్రశ్న ఇది. ఈ మధ్య వారం తిరక్కుండా ముగ్గురు అడిగారు. ఇద్దరికి వాళ్ల గైడ్లు "ఉపోద్ఘాతం ఆఖర్న రాసుకోవచ్చులే, ముందు డేటా సంగతి చూడు" అన్నారట. మూడో ఆమెకు గైడ్ "తొలి అధ్యాయం నా బల్ల మీద పెట్టాకే ఫీల్డుకి వెళ్లు" అన్నారట. రెండు మాటలకీ కారణాలున్నాయి. అవేమిటో మాత్రం ముగ్గురికీ ఎవరూ చెప్పలేదు.

సమస్య, ఆవశ్యకత, లక్ష్యాలు, పరికల్పనలు (ఏం తేలుతుందో ముందే కట్టుకునే అంచనాలు), పరిధి, పరిమితులు, అధ్యాయాల పొందిక... అందులో ఉండాల్సినవాటి ఈ జాబితా మీకు కంఠతా వచ్చే ఉంటుంది కాబట్టి దాని జోలికి పోను. ఎప్పుడు రాయాలన్నదే ఇక్కడ విషయం. నేను రెండు రకాలుగానూ రాశాను: మాస్టర్స్ డిసర్టేషన్‌కి ముందు, పీహెచ్‌డీకి చివర. రెండుసార్లూ దెబ్బ తిన్నాను, కానీ ఒకే రకం దెబ్బ కాదు.

చివర రాయడంలో సుఖం

సుఖం ఉంది, ముందా సంగతి ఒప్పుకోవాలి. మూడు నాలుగేళ్లు సాగే పనిలో మొదట అనుకున్న అధ్యాయాల్లో ఒకటి రాలిపోతుంది, ఇంకోటి రెండుగా చీలుతుంది. ప్రశ్నావళికి జవాబులు రావు. దొరుకుతుందనుకున్న రికార్డు దొరకదు. మొదట్లోనే ముప్పై పేజీల ఉపోద్ఘాతం రాసి పెట్టుకున్నవాళ్లు అందులో సగం తీసేయాల్సి వస్తుంది. తీసేయడానికి చేతులు రావు, అదీ అసలు చిక్కు. నా డిసర్టేషన్‌లో ఒక పేరా ఉండేది. పనికి దానితో సంబంధం ఎప్పుడో తెగిపోయింది. బాగా కుదిరిందన్న మమకారం కొద్దీ చివరిదాకా ఉంచేశాను. పరీక్షకులు దాని పక్కన పెన్సిల్‌తో ప్రశ్నార్థకం పెట్టి వదిలేశారు.

పైగా పూర్వ పరిశోధనల భాగం ఊరికే పాతబడుతుంది. "ఈ కోణంలో ఇంతవరకు ఎవరూ చూడలేదు" అని మీరు రాసుకున్న రెండేళ్లకు ఎవరో ఒకరు చూసేస్తారు. ఆ వాక్యం అలాగే మిగిలిపోతే మౌఖిక పరీక్షలో తల ఎత్తుకోలేరు. చివర రాసేవాళ్లకి ఈ బెడద తక్కువ.

ఇక భయం సంగతి. "నేటి ఆధునిక సమాజంలో..." అని మొదలుపెట్టి, కొట్టేసి, మళ్లీ అక్కడే మొదలుపెట్టి నెలలు గడిపినవాళ్లు నాకు తెలుసు. అలాంటివాళ్లని పద్ధతుల అధ్యాయంతో మొదలుపెట్టమనడం మంచి సలహానే. చేసిన పని చేసినట్టు చెప్పడమే కదా. అది పూర్తయ్యేసరికి రాసే అలవాటు పడుతుంది, చేతి వణుకు తగ్గుతుంది.

వీటన్నిటికంటే గట్టి సమర్థన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు డారిల్ బెమ్‌ది. 1987లో కొత్త పరిశోధకుల కోసం రాసిన సలహాల్లో ఆయన సూటిగా చెప్పాడు: ప్రయోగం తలపెట్టినప్పుడు అనుకున్న వ్యాసం ఒకటి, ఫలితాలు చూశాక బాగా పొసుగుతుందనిపించే వ్యాసం ఇంకొకటి, మీరు రాయాల్సింది రెండోదే అని. ఉపోద్ఘాతం చివర రాయమనే గైడ్లలో చాలామంది, తెలిసో తెలియకో, ఆయన మాటే చెబుతున్నారు.

నాకు పేచీ వచ్చేది సరిగ్గా అక్కడే.

ప్రశ్న కంటే జవాబు ముందు పుడితే

ఒక పని ఊహించుకోండి. రాత్రి పడుకోబోయే ముందు ఫోన్ చూసే విద్యార్థులకు నిద్ర తగ్గుతుందా అన్నది మీ ప్రశ్న. 400 మందిని అడిగారు. మొత్తం మీద తేడా ఏమీ కనిపించలేదు. ఉసూరుమని డేటాను రకరకాలుగా విడదీసి చూశారు: వయసు, ఆడా మగా, ఇల్లా హాస్టలా, ఏ కోర్సు, ఏ సంవత్సరం. హాస్టల్లో ఉంటున్న మొదటి సంవత్సరం వాళ్లలో మాత్రం తేడా తగిలింది. ఇప్పుడు ఉపోద్ఘాతం రాయడానికి కూర్చున్నారు. ఏమని రాస్తారు? "హాస్టల్ జీవితంలోకి కొత్తగా అడుగుపెట్టిన విద్యార్థుల నిద్రను ప్రత్యేకంగా పరిశీలించాల్సిన అవసరం ఎంతైనా ఉంది" అని. అబద్ధం ఆడాలన్న ఉద్దేశం మీకు లేదు. చెయ్యే అలా రాసుకుంటూ పోతుంది. చదివేవాళ్లకి మాత్రం మీరు మొదట్నుంచీ దానికోసమే వెళ్లినట్టు, వెళ్లిన చోటే దొరికినట్టు ఉంటుంది.

నష్టం ఎంతో చిన్న లెక్క చెబుతుంది. నిజానికి ఏ తేడా లేని చోట, 5 శాతం హద్దు పెట్టుకుని ఒక పరీక్ష చేస్తే, తేడా ఉన్నట్టు పొరపాటున కనిపించే అవకాశం 5 శాతం. ఒకదానికొకటి సంబంధం లేని అలాంటి పరీక్షలు 20 చేస్తే, కనీసం ఒక్కటైనా అలా మోసం చేసే అవకాశం దాదాపు 64 శాతం. నేను 20 చోట్ల వెతికానని మీరు చెబితే పాఠకుడు ఆ జాగ్రత్తతో చదువుకుంటాడు. ఒక్క చోటే వెతికినట్టు ఉపోద్ఘాతం రాస్తే, జాగ్రత్తపడాలని అతనికి తట్టదు కూడా.

మనస్తత్వ శాస్త్రజ్ఞుడే అయిన నార్బర్ట్ కెర్ 1998లో ఈ అలవాటుకు హార్కింగ్ అని పేరు పెట్టాడు. ఫలితాలు తెలిశాక పరికల్పన కట్టి, దాన్ని ముందే కట్టినట్టు చూపించడమన్నమాట. అన్నట్టు బెమ్ కథ అక్కడితో అయిపోలేదు. జరగబోయేది మనుషులు ముందే పసిగట్టగలరని తొమ్మిది ప్రయోగాలతో ఆయన 2011లో ఒక పత్రం ప్రచురించాడు. మనస్తత్వ శాస్త్రంలో పద్ధతుల మీద ఆ తర్వాత రేగిన దుమారానికి ఆ పత్రమూ ఒక కారణం.

గణాంకాల మాట ఎలా ఉన్నా, నాకు ఈ విషయం తలకెక్కింది నా సొంత మౌఖిక పరీక్షలో. పీహెచ్‌డీ ఉపోద్ఘాతం మొత్తం చివర్లో, రెండు వారాల్లో రాశాను. నాలుగు లక్ష్యాలు, ఆఖరి అధ్యాయంలో నాలుగు జవాబులు, ఎక్కడా అతుకు కనిపించదు. పరీక్షకుల్లో ఒక పెద్దాయన నా సినాప్సిస్, అంటే పని మొదట్లో ఇచ్చిన పరిశోధన ప్రణాళిక, ప్రతి తీసి పక్కన పెట్టుకున్నారు. "ఇందులో మూడో లక్ష్యం వేరే ఉందే, అదేమైంది?" అన్నారు. దాని మీద ఎనిమిది నెలలు పని చేశాను. ఏమీ తేలలేదు. ఉపోద్ఘాతం రాసే నాటికి నేను దాన్ని దాచలేదు, నిజంగా మర్చిపోయాను. "ఏమీ తేలలేదన్నదీ ఒక ఫలితమే కదమ్మా, ఎక్కడా రాయలేదేం?" అన్నారాయన. సవరణలు చేసి ఇవ్వడానికి మూడు నెలలు పట్టింది.

డిసర్టేషన్‌లో మిగిలిన ఆ అనవసరపు పేరాకీ, థీసిస్‌లో మాయమైన ఈ లక్ష్యానికీ మధ్య ఒకటి ఎంచుకోమంటే నేను మొదటిదే ఎంచుకుంటాను. అది పాఠకుడికి విసుగు పుట్టిస్తుందంతే. రెండోది అతన్ని తప్పుదారి పట్టిస్తుంది. ముందు రాసిన ఉపోద్ఘాతంలో లోపాలుంటే పైకే కనబడతాయి. చివర రాసినదాంట్లో లోపాలు నున్నగా పూసేసి ఉంటాయి. అందుకే నా మొగ్గు ముందు రాయడం వైపే.

పరికల్పనలతో పనిలేని పరిశోధనలకు ఈ వాదన అంత గట్టిగా వర్తించదు. రాతప్రతులు వెతికేవాళ్లకి, మనుషుల జీవితాలు వినడానికి వెళ్లేవాళ్లకి ప్రశ్న పనిలోనే పుడుతుంది. సామాజిక శాస్త్రజ్ఞులు బార్నీ గ్లేసర్, ఆన్సెల్మ్ స్ట్రాస్ 1967లో ప్రతిపాదించిన గ్రౌండెడ్ థియరీలోనైతే, అంటే సేకరించిన సమాచారంలోంచే సిద్ధాంతం కట్టే పద్ధతిలోనైతే, ఆ అంశం మీద వచ్చిన రచనలు ముందే చదివి బుర్ర నింపుకోవద్దన్న సలహా కూడా ఉంది. అలాంటివాళ్లని ఉపోద్ఘాతం ముందే రాసి తెమ్మనడం పద్ధతికే విరుద్ధం. వాళ్లు చివరే రాయాలి. కాకపోతే ప్రశ్న మారితే మారిందని రాయాలి. "ఇది వెతుకుతూ వెళ్లాను, అది ఎదురుపడి దారి మళ్లింది" అన్న ఒక్క పేరా చాలు. నేను చదివిన థీసిస్‌లలో చాలాసార్లు ఆ పేరాయే అన్నిటికంటే జీవంగా ఉంది.

ముందు ఎంత, చివర ఎంత

ముందు రాయాలంటే ముప్పై పేజీలూ ముందే రాయాలని కాదు. భాషా శాస్త్రజ్ఞుడు జాన్ స్వేల్స్ పరిశోధన వ్యాసాల ఉపోద్ఘాతాలను విడదీసి చూపిన మూడు అడుగులు మీరు ఏదో ఒక వర్క్‌షాప్‌లో వినే ఉంటారు: రంగాన్ని పరిచయం చేయడం, అందులో ఖాళీ చూపించడం, ఆ ఖాళీలో మన పనిని నిలబెట్టడం. 1990 నాటి ఆయన పుస్తకం తర్వాత దీన్ని ఏమేం రాయాలో నేర్పడానికి వాడుతున్నారు. ఎప్పుడు రాయాలో తేల్చుకోవడానికీ ఇదే పనికొస్తుందని నాకు ఆలస్యంగా తట్టింది.

మొదటి అడుగు హాయిగా చివర రాసుకోండి. పాతబడేదీ అదే, భయపెట్టేదీ అదే. రెండో అడుగు ముందు రాసి, సమర్పించే నెలలో మళ్లీ సరిచూడండి. మూడో అడుగు, అంటే ప్రశ్న, లక్ష్యాలు, పరికల్పనలు, ఎవరిని ఎందుకు ఎంచుకున్నామన్న నాలుగు ముక్కలు, డేటా చేతికి రాకముందే రాసి తేదీ వేసి గైడ్‌కి మెయిల్ చేయండి. నాలుగు పేజీలకు మించదు. తర్వాత మార్చాల్సి వస్తే పాతది చెరిపేయకుండా కింద కొత్తది రాసి, ఎందుకు మారిందో ఒక వాక్యం చేర్చండి. సమర్పించే ముందు ఈ కాగితాన్నీ ముగింపు అధ్యాయాన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే, మొదట వేసుకున్న ప్రశ్నకు జవాబు ఎక్కడ దొరికిందో ఎక్కడ దొరకలేదో తెలిసిపోతుంది.

ఇది నా చాదస్తమేం కాదు. 2013లో కార్టెక్స్ అనే జర్నల్ రిజిస్టర్డ్ రిపోర్ట్స్ అన్న పద్ధతి మొదలుపెట్టింది. ఉపోద్ఘాతం, పద్ధతులు డేటా సేకరణకు ముందే సమీక్షకు వెళతాయి. ఆమోదం వచ్చాక ఫలితాలు ఎలా వచ్చినా వేసుకుంటారు. ఆ ఉపోద్ఘాతంలో చిన్నచిన్న సవరణలు తప్ప మార్చనివ్వరు. ఇప్పుడు వందల జర్నళ్లు ఇదే పాటిస్తున్నాయి. థీసిస్‌కి అంత కట్టుదిట్టం అక్కర్లేదు గానీ, ఆ తేదీ వేసిన కాగితం మాత్రం కావాలి.

వేరే కారణంతో ముందు రాయమన్నవాడు ఇటలీ రచయిత, ఆచార్యుడు ఉంబెర్టో ఎకో. 1977లో విద్యార్థుల కోసం రాసిన పుస్తకంలో శీర్షిక, విషయసూచిక, ఉపోద్ఘాతం అన్నిటికంటే ముందు రాయమంటాడు, అవి మళ్లీ మళ్లీ మారతాయని తెలిసే. అవి రాయలేకపోతున్నారంటే చేయబోయే పని ఇంకా మీకు తెలియలేదని ఆయన లెక్క. నా పేచీ నిజాయితీ గురించి, ఆయనది స్పష్టత గురించి. చివరికి ఇద్దరం ఒకే గట్టున తేలాం.

మిగతావి త్వరగా చెప్పేస్తాను. సినాప్సిస్‌నే తెచ్చి తొలి అధ్యాయంగా అతికించడం: వద్దు. ఎంత దిద్దినా ఎక్కడో ఒక చోట "సమాచారం సేకరించడం జరుగుతుంది" అని భవిష్యత్తు మిగిలిపోతుంది, అప్పటికి సేకరించి రెండేళ్లయి ఉంటుంది. సాహిత్య సమీక్ష తొలి అధ్యాయంలో కలపాలా, విడిగా పెట్టాలా అన్నది మీ విభాగం నమూనా ఎలా చెబితే అలా చేయండి, దీని మీద నిద్ర పాడుచేసుకోవద్దు. చాట్‌బాట్‌తో రాయించడం: మొదటి అడుగు బాగానే రాస్తుంది, లేని పత్రాలను ఉన్నట్టు కూడా రాస్తుంది. మూడో అడుగు అది రాయలేదు. మీరేం అడగదలచుకున్నారో దానికెలా తెలుస్తుంది?

విశాలంగా మొదలుపెట్టి ఇరుకుకు రావాలా, సూటిగా సమస్యలోకి దూకాలా అనీ అడుగుతుంటారు. వాట్సన్, క్రిక్ 1953 ఏప్రిల్ 25న నేచర్‌లో వేసిన డీఎన్ఏ పత్రం మొత్తం పేజీకి కాస్త ఎక్కువ. మొదటి వాక్యంలోనే తాము డీఎన్ఏకు ఒక నిర్మాణం ప్రతిపాదిస్తున్నామంటారు, వెంటనే పౌలింగ్, కోరీల మూడు పోగుల నమూనా ఎందుకు నిలవదో చెబుతారు. సమాజం, నాగరికత, మానవ పురోగతి ఏవీ లేవు. రెండు వందల పేజీల థీసిస్‌లో అంత సూటిగా దూకలేం. కానీ పదో పేజీకి గానీ మీ ప్రశ్న కనబడకపోతే ఆ పది పేజీలూ మీవి కావు, అందరివీ.

అధ్యాయాల పొందిక చెప్పే పేరా మాత్రం ఎవరు ఎంత ఒత్తిడి చేసినా ముందు రాయకండి. విషయసూచిక ఖరారయ్యాక అది పావుగంట పని.

ఫీల్డుకి వెళ్లనివ్వని గైడ్ దగ్గరున్న ఆమెకి ఇదంతా చెప్పి, మూడో అడుగు నాలుగు పేజీలు రాసి తేదీ వేసి పట్టుకెళ్లమన్నాను. పట్టుకెళ్లిందట. ఆయన తిరగేసి, "బాగుంది, మిగతా ఇరవయ్యారు పేజీలేవి?" అన్నారట.