సూది విలనా, పిండం విలనా: ఏది మేలు?

మనిషిలో జంతువుల జన్యువులు కలిపే పిచ్చి శాస్త్రవేత్తను విలన్‌గా పెట్టి కథ రాసేవాళ్లు నన్ను పదే పదే అడిగేది ఒకటే. బతికున్న మనిషికి సూది పొడిచి మార్చేవాడు మేలా, పిండం దశలోనే కలిపి పెంచేవాడు మేలా?

సూది విలన్‌తో కథ పరుగెడుతుంది. హీరో తమ్ముణ్ణే ఎత్తుకుపోవచ్చు, తెల్లారేసరికి ఒళ్లంతా బొచ్చు మొలిపించవచ్చు. ఆ తమ్ముడు నిన్నటిదాకా ఎలా ఉండేవాడో పాఠకుడు చూశాడు కాబట్టి గుండె కలుక్కుమంటుంది. చిక్కల్లా నమ్మించడంలోనే. వైరస్ ద్వారా జన్యువును ఒంట్లోకి పంపడం నేటి వైద్యంలో ఉన్నదే, కానీ అది చేరేది కొన్ని కణాలకే. ఎదుగుదల ఆగిన ఎముకలు కొత్త రూపు దిద్దుకోవు, తోక మొలవదు.

పిండం విలన్‌కి సైన్స్ అండ ఉంది. గొర్రె, మేక పిండాల కణాలు కలిపి పుట్టించిన జంతువు గురించి 1984లోనే ప్రకటించారు. గొర్రె కణాలు చేరిన చోట ఉన్ని, మేక కణాలు చేరిన చోట వెంట్రుకలు! 2021లో వెలువడిన పరిశోధనలో కోతి పిండాల్లోకి మానవ మూలకణాలు (ఏ రకం కణంగానైనా ఎదగగలిగేవి) ఎక్కించారు. 132 పిండాల్లో అవి నిలిచాయి, 19వ రోజుకు బతికున్నవి మాత్రం మూడే. మీ విలన్ అల్మరాలో ఎన్ని గాజు సీసాలు ఉండాలో దీన్నిబట్టి ఊహించుకోండి.

అయినా నా దృష్టిలో తేల్చేది సైన్స్ కాదు, కాలం. పిండం విలన్ ఆ బిడ్డను పెంచాలి. పాలు పట్టాలి, మాటలు నేర్పాలి, జ్వరమొస్తే రాత్రంతా పక్కనే కూర్చోవాలి. నవ్వించి, నోరు తెరిచినప్పుడు కోరపళ్ల పొడవు కొలిచి నోట్‌బుక్‌లో రాసుకుంటాడు. బిడ్డ వాణ్ణి ‘నాన్నా’ అంటుంది. సూది పడ్డవాడికి తిరిగి వెళ్లడానికి ఇల్లుంది, వెతుక్కుంటూ వచ్చే అన్న ఉన్నాడు. ఈ బిడ్డకు ప్రయోగశాలే ఇల్లు, తనను పాడుచేసినవాడే దిక్కు. అంత క్రూరత్వం సూది విలన్‌కి ఎప్పటికీ చేతకాదు.

కథ ఏళ్ల తరబడి సాగాలి, నిజమే. బిడ్డకు పదేళ్లు వచ్చాక మొదలుపెడితే సగం భారం తగ్గుతుంది.

కత్తితో కోసి కలిపే రకం 1896లో ఇంగ్లిష్ రచయిత హెచ్.జి. వెల్స్ రాసిన నవలలోని డాక్టర్ మోరో నాటిది, ఇప్పుడు పాతబడింది. తనకు తానే సూది వేసుకునేవాడు ఆఖరి మలుపుకు పనికొస్తాడు, అంతే.

సూది విలనే కావాలని పట్టుబడితే మార్పును ఒక్క అవయవానికే పరిమితం చేయండి. కంటి రెటీనాకు జన్యుచికిత్స మందును అమెరికాలో 2017లోనే అనుమతించారు. చీకట్లో చూడగలిగే కళ్లు చాలు, తోక వద్దు.