టౌ తీసేసే ఎల్‌టీఎస్‌కన్వర్ట్: నాలుగేళ్లు వాడాక

మా టీమ్ పని పార్కింగ్ టికెట్ మెషీన్ కంట్రోలర్‌ని మోడల్‌తో టెస్ట్ చేయడం. మోడల్ అంటే మెషీన్ ఏ చర్యతో ఏ స్థితి నుంచి ఏ స్థితికి వెళ్తుందో చూపే పటం. ఆ మోడల్‌లో బయటికి కనిపించేవి గుప్పెడే: కార్డు పెట్టడం, టికెట్ రావడం, రద్దు బటన్. మిగతాదంతా లోపలి గొడవ. లాగ్ రాయడం, బ్యాంకుని అడగడం, జవాబు రాకపోతే మళ్లీ అడగడం. టెస్టర్ కంటికి ఆనని ఈ అడుగుల్నే టౌ అంటాం. వాటిని ఏరేయడానికి నాలుగేళ్లుగా ఐంధోవెన్ యూనివర్సిటీ వాళ్ల ఎంసీఆర్‌ఎల్2 అనే టూల్‌సెట్‌లోని ఎల్‌టీఎస్‌కన్వర్ట్ అనే టూల్ వాడుతున్నాను. ఉచితమే.

ఏయే చర్యలు టౌ అనుకోవాలో పేర్లిచ్చి, ఏ రకం సమానత్వం కావాలో, అంటే చిన్నదైన మోడల్ అసలుదానితో ఏ లెక్కన సమానంగా ఉండాలో చెబితే చాలు. వేగం మీద నాకు ఫిర్యాదు లేదు.

మొదట్లో నేను పప్పులో కాలేసింది వీక్-ట్రేస్ దగ్గర. బయటికి కనిపించే చర్యల వరసలు ఒకటే అయితే చాలనే సమానత్వం అది. టౌ ఒక్కటీ మిగలదు, మోడల్ చిన్నదైపోతుంది, చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. తీరా టెస్టులు నడిపితే ఎర్రటి ఫెయిళ్లు వరసకట్టాయి. డెవలపర్లు నా మీద విరుచుకుపడ్డారు. తప్పు నాదే. కార్డు పెట్టాక మెషీన్ లోపల్లోపలే రెండు దారుల్లో ఒకటి పడుతుంది: టికెట్ ఇచ్చే స్థితి ఒకటి, బ్యాంకు పలక్కపోతే రద్దు బటన్ కోసం ఊరికే కూర్చునే స్థితి ఇంకొకటి. టౌ పోగానే రెండూ ఒకే స్థితిలో కలిసిపోయాయి. అక్కడ టికెట్ రావొచ్చని ఉంది కాబట్టి, మెషీన్ మౌనంగా ఉంటే తప్పని మా టెస్టులు తీర్పు చెప్పేశాయి.

మెషీన్ ఇచ్చే అవుట్‌పుట్ మోడల్ ఒప్పుకునేదేనా అని తేల్చడానికి ట్రెట్‌మన్స్ అనే పరిశోధకుడిచ్చిన ఐఓకో సిద్ధాంతంలో మౌనం కూడా ఒక అవుట్‌పుట్టే, దాని పేరు డెల్టా. అవుట్‌పుట్టూ టౌ రెండూ లేని స్థితులకి ముందే డెల్టా లూప్ (మళ్లీ అదే స్థితికి వచ్చే డెల్టా అడుగు) తగిలించి, ఆ తర్వాతే వీక్-ట్రేస్ నడపాలి. అలా చేశాక ఆ ఫెయిళ్లు పోయాయి.

దారులు ఎక్కడ చీలతాయో కూడా చూసే బ్రాంచింగ్-బైసిమ్ అనే సమానత్వం వాడితే ‘టౌ ఇంకా మిగిలిందేంటి’ అని కొత్తవాళ్లు అడుగుతారు. మిగలాలి మరి! దారి మార్చే టౌని అది ముట్టుకోదు. కాకపోతే ఒక వర్షన్‌లో బ్యాంకుని మళ్లీ మళ్లీ అడిగే లూప్‌కి హద్దే లేదు. అసలు బగ్ అదే, దాన్ని మామూలు బ్రాంచింగ్-బైసిమ్ చప్పుడు లేకుండా మింగేసింది. అంతులేని టౌ లూప్‌ల్ని కూడా పోనివ్వని డీపీబ్రాంచింగ్-బైసిమ్ పెట్టాకే బయటపడింది. అప్పట్నుంచి ముందు దాన్నే నడుపుతున్నాను.

ఐదుకి నాలుగిస్తాను. ఏది ఇన్‌పుట్టో ఏది అవుట్‌పుట్టో ఈ టూల్‌కి తెలియదు, అన్నీ దానికి ఒట్టి పేర్లే. అందుకే డెల్టా తగిలించే స్క్రిప్టు మనమే రాసుకోవాలి. నాది అరవై లైన్లు అయింది.