మంచం కింద తేలిన చెప్పు

మా ఖాళీ స్థలంలో అందరం కలిసి తోట వేద్దామనుకున్నాం. ఎండలకీ, అకాల వానలకీ తట్టుకునేలా వేసిన తోటలు ముందు చూసొద్దామని అక్కా నేనూ రెండు చోట్లకి వెళ్లాం.

మొదటి తోటలో బోర్డులు బాగున్నాయి. అంతే. రాత్రి బస అక్కడే. రేకుల గది, ఒక్కటే కిటికీ, అదీ పడమరకి. పొద్దు గూకినా గోడల సెగ తగ్గలేదు. "గది పక్కన ఒక్క చెట్టు నాటలేదు గానీ, చల్లదనం గురించి గంటసేపు క్లాసు పీకాడు" అని అక్క గొణిగింది.

క్లాసు పీకిన గైడు 1000 లీటర్ల ట్యాంకు కూడా గర్వంగా చూపించాడు. దాంట్లోకి నీళ్లొచ్చే కప్పు 100 చదరపు మీటర్లు. చదరపు మీటరుకి ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు. అంటే 10 మిల్లీమీటర్లకే ట్యాంకు నిండుతుంది. "నిండాక నీళ్లెటు పోతాయండీ?" అని అడిగా. "ఈ నెలలో అంత వాన రాదు మేడమ్" అన్నాడు.

తెల్లవారుజామున మూడింటికి వచ్చింది. ట్యాంకు పొంగి నీళ్లు సరాసరి మా గదిలోకే. నా చెప్పొకటి మంచం కింద తేలుతోంది. గైడు ఫోనెత్తలేదు, అక్క బకెట్టుతో ఎత్తిపోసింది. పొద్దున చూస్తే మడుల్లో మట్టి కోసుకుపోయి టమాటా వేళ్లు బయటపడ్డాయి. గది డబ్బులు వాపసు అడిగితే, ప్రకృతి వైపరీత్యానికి మేమేం చేస్తాం అన్నారు. మరి తోట వేసింది దేనికట!

రెండో తోటకి బస్సులో రెండు గంటలు. అక్క నిద్రపోయింది. అక్కడ టికెట్టు లేదు, బస లేదు, కూర్చోడానికి బెంచీ కూడా ఒక్కటే. కలుపు తీస్తున్న పెద్దావిడ "ఆ ఆకుల్లో చెయ్యి పెట్టి చూడమ్మా" అంది. పైన మూడంగుళాల ఎండుటాకులు ఎండకి వేడెక్కి ఉన్నాయి. కింద మట్టి చల్లగా, తడిగా ఉంది, ఓ వానపాము వేలికి తగిలింది. మొక్కల మధ్య మట్టికుండలు మూతి దాకా పూడ్చారు. వాటిలో పోసిన నీళ్లు కుండ గోడల్లోంచి ఊరి నేరుగా వేళ్లకి అందుతాయి. రాత్రులు మరీ వేడెక్కితే టమాటా పూత రాలుతుందని, ఒక రకం పోయినా ఇంకోటి నిలుస్తుందని నాలుగు రకాలు వేశారు.

వీళ్ల ట్యాంకూ చిన్నదే. పొంగిన నీళ్లు మాత్రం రాళ్లు పేర్చిన కాలువలో పల్లంలోని గుంటకి పోతాయి. రాత్రి ఇక్కడా బాగానే పడిందట. మేం చూసేసరికి గుంటలో నీళ్లు ఇంకిపోయాయి, గడ్డి మీద బురద చార మిగిలింది.

మొదటి తోటని చూసే తీరాలనుకుంటే సాయంత్రానికల్లా అక్కణ్నుంచి వచ్చేయండి. ఇంటికొచ్చాక అక్క ప్లాను కాగితంలో కూరమడులన్నీ చెరిపేసి, ముందు నీళ్ల దారి గీసింది. గుంట మరీ పెద్దదైపోయిందని నేను, చాలదని తను, ఇంకా పోట్లాడుకుంటూనే ఉన్నాం.