వేటపాలెం వెళ్తే బీచ్ ఒక్కటే చూసి రాకండి

రామాపురం బీచ్‌కని హైదరాబాద్ నుంచి కార్లేసుకుని వచ్చేవాళ్ళలో చాలామంది చీరాల పక్కనున్న వేటపాలెం ఊళ్ళో ఆగరు, ఆగినా జీడిపప్పు కొనుక్కుని వెళ్ళిపోతారు. ఆ ఊళ్ళోనే సారస్వత నికేతనం ఉంది. 1918లో మొదలైన గ్రంథాలయం, 1929లో గాంధీజీ వచ్చి కొత్త భవనానికి శంకుస్థాపన చేశారు, ఆయన చేతికర్రను ఇప్పటికీ భద్రంగా దాచారు. వచ్చినవాళ్ళు ముందు ఆ కర్రే అడుగుతారు గానీ, నన్నడిగితే అసలు సరుకు పాత పత్రికల బైండ్లలో ఉంది.

నేను వెళ్ళింది చీరాల-పేరాల ఉద్యమం కోసం. మునిసిపాలిటీ పన్నులు మేం కట్టం అని 1921లో దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారి మాట మీద జనం ఇళ్ళకి తాళాలేసి, ఊరి బయట రామ్‌నగర్ పేరుతో పాకలేసుకుని నెలల తరబడి ఉన్నారే, అదే. స్కూల్ పుస్తకంలో నాలుగు లైన్లలో అయిపోయే సంగతి, ఆనాటి ఆంధ్రపత్రికలో రోజువారీ వార్తగా చదువుతుంటే తర్వాత ఏమవుతుందో తెలిసి కూడా టెన్షన్ పుడుతుంది. మధ్యలో అమృతాంజనం ప్రకటన కనిపించి నవ్వొచ్చింది, ఆంధ్రపత్రిక, అమృతాంజనం రెండూ కాశీనాథుని నాగేశ్వరరావు గారివే కదా.

ఒక సలహా: "మా ఊరి చరిత్ర కావాలి" అని వెళ్తే ఏమీ దొరకదు, ఏ పత్రిక, ఏ సంవత్సరం, వీలైతే ఏ నెల అన్నది రాసుకుని వెళ్ళండి. అంత పాత కాగితం మడత పడితే చాలు విరుగుతుంది, పైగా సముద్రం దగ్గర ఊరు, తేమ ఎక్కువ, కాబట్టి పేజీ తిప్పేటప్పుడు తొందరపడొద్దు, జిరాక్స్ కావాలని పట్టుబట్టొద్దు, ఫోన్‌తో ఫొటో తీయొచ్చా అని ముందే అడగండి. పాత పంచాంగాలు కూడా దాచారు. పుట్టిన తేదీ సరిగ్గా తెలియని పెద్దవాళ్ళకి పనికొచ్చేవి అవే.

రాజమండ్రిలో గౌతమీ గ్రంథాలయం కూడా చూశాను. అది ప్రభుత్వ ప్రాంతీయ గ్రంథాలయం, పెద్ద ఊరు, వెళ్ళడం తేలిక, తాళపత్రాల మీద ఆసక్తి ఉంటే అక్కడికే వెళ్ళండి. పాత పత్రికలకైతే మాత్రం నా ఓటు వేటపాలేనికే.

బస విషయానికొస్తే, బీచ్ దగ్గర ఒక రిసార్ట్‌లో దిగాం, వారాంతం రేటు చూస్తే గుండె గుభేల్‌మంది, వేడినీళ్ళు మాత్రం రాలేదు, రాత్రంతా పక్క గది వాళ్ళ పాటలు. మళ్ళీ వెళ్తే చీరాలలోనే మామూలు లాడ్జి తీసుకుంటా. ఎక్స్‌ప్రెస్ రైళ్ళు ఎక్కువగా ఆగేది కూడా చీరాలలోనే, అక్కడి నుంచి ఆటోలో వేటపాలెం దగ్గరే. తిరుగు ప్రయాణానికి కూడా ఆటో ముందే మాట్లాడుకోండి. పొద్దున్నే గ్రంథాలయానికి వెళ్ళి, బీచ్ సాయంత్రానికి పెట్టుకుంటే ఎండ బాధ కూడా ఉండదు, సెలవు రోజులేవో మాత్రం ఫోన్ చేసి కనుక్కుని బయల్దేరండి.