సెరామిక్ కోటింగ్ వేస్తే కారు కడగక్కర్లేదన్నాడు, నమ్మాను. మీరు నమ్మకండి

ఒళ్లు మండిపోతోంది. ఇప్పుడే ఆ షాపు నుంచి వచ్చి రాస్తున్నాను, రాతలో తప్పులుంటే సర్దుకోండి. షాపు పేరు రాయను, రాస్తే లీగల్ నోటీసు అంటాడు. నీలం లైట్ల కింద బానెట్ మీద నీళ్లు పోసి, అవి తామరాకు మీద బొట్లలా జారిపోతుంటే రీలు తీసి పెట్టే బాపతు అంటే మీకు అర్థమయ్యే ఉంటుంది.

సంగతి ఇదీ. ఫిబ్రవరి చివర్లో కారు కొన్నాం, తెల్లది. వారం తిరక్కుండా 28,000 పోసి సెరామిక్ కోటింగ్, అంటే పెయింటు కాపాడటానికి పైన వేసే పలచటి పొర, వేయించాను, ఐదేళ్ల వారంటీ అన్నాడు ఓనరు. ఎన్నాళ్లకోసారి కడగాలి అని నేనే అడిగాను, అదీ నా ఖర్మ. "ఇంక కడిగే టెన్షన్ మీకు లేదు సార్, నెలన్నరకోసారి మా దగ్గరికి తీసుకొచ్చేయండి, మధ్యలో వాన పడితే అదే కడిగేస్తుంది" అన్నాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. పక్కన మా ఆవిడ ఉంది.

మాది వైజాగ్, ఇల్లు లాసన్స్ బే కాలనీలో. బాల్కనీ గ్రిల్లుకి ఎంత మంచి రంగు వేయించినా రెండేళ్లు తిరక్కుండా పెచ్చులు లేచి తుప్పు బయటపడుతుంది. ఆఫీసు పోర్టు వైపు, అక్కడ సాయంత్రానికి కారు మీద వేలితో పేరు రాయొచ్చు, అంత నల్ల దుమ్ము. రాత్రంతా ఉప్పు గాలి, పగలంతా బొగ్గు దుమ్ము. గ్రిల్లుకి పట్టేది కారుకి పట్టదని ఎలా నమ్మానో నాకే తెలీదు. ఇంకో సిగ్గుచేటు ఏంటంటే, కోటింగ్ అయిన రోజు అక్కడ పనిచేసే కుర్రాడు తాళం చేతికిస్తూ మెల్లగా "వారానికోసారి నీళ్లు కొట్టుకోండన్నా, మనది సముద్రం ఊరు" అన్నాడు. ఓనరు మాట పక్కనపెట్టి కుర్రాడి మాట వింటామా? వినలేదు.

ఏప్రిల్ మధ్యలో వాళ్ల దగ్గరే ఒకసారి కడిగించాను, ఆ తర్వాత మే నెలంతా ముట్టుకోలేదు. మధ్యలో కాకి రెట్ట వేస్తే, కోటింగ్ ఉందిగా అని నాలుగు రోజులు ఎండలో అలాగే వదిలేశాను. వాచ్‌మన్ తుడుస్తానంటే వద్దన్నాను కూడా, కోటింగ్ పాడవుతుందని! రెండుసార్లు జల్లు పడింది, కడిగేసిందనుకుని మురిసిపోయాను. దుమ్ము మీద నాలుగు చినుకులు పడి వెంటనే ఎండ కాస్తే ఏమవుతుంది, ప్రతి చినుకూ ఒక మరక అవుతుంది. స్టీలు గ్లాసు మీద బోరు నీళ్ల మచ్చలు రోజూ చూస్తూనే ఉంటాం కదా.

మొన్న ఆదివారం అనుమానం వచ్చి నేనే బకెట్ పట్టుకుని కడిగితే అసలు రూపం బయటపడింది. రూఫ్ మీద రెట్ట పడిన చోట రూపాయి బిళ్లంత మచ్చ, గోరు పెడితే అంచు తగులుతోంది. డోర్ల కింది భాగం, డిక్కీ నిండా తుప్పు రంగులో సన్న చుక్కలు, ఆవగింజలో సగం ఉంటాయేమో, ఎంత రుద్దినా పోవు. మూడు నెలల కారుకి తుప్పా అని గుండె జారిపోయింది.

ఇవాళ తీసుకెళ్లాను. పది నిమిషాలు నిలబెట్టాక ఓనరు ఏసీ గదిలోంచి వచ్చాడు. మచ్చ చూడలేదు, చుక్కలు చూడలేదు, బానెట్ మీద వేలితో గీసి, దుమ్ము అంటిన ఆ వేలు నా మొహం ముందు పెట్టి "ఏంటి సార్ ఇది, కొత్త కారుని ఇలాగేనా ఉంచుకునేది? వారం వారం కడగాలని తెలీదా?" అన్నాడు. మీరే కదా నెలన్నర అన్నారు అంటే, "నేనా? నేనెందుకంటాను సార్" అని నా వారంటీ కార్డు నా చేతుల్లోంచే తీసుకుని వెనక్కి తిప్పాడు. చీమ తలకాయంత అక్షరాలు, అదీ ఇంగ్లీషులో. వారానికి ఒకసారైనా పీహెచ్ న్యూట్రల్ (ఆమ్లమూ క్షారమూ కాని) షాంపూతో కడగాలట, పక్షి రెట్ట 24 గంటల్లో తీసేయాలట, లేకపోతే వారంటీ చెల్లదట. అక్కడితో ఊరుకున్నా బాగుండేది. కాఫీ తాగుతూ కూర్చున్న ఇంకో కస్టమర్ వైపు తిరిగి, "చదువుకున్నవాళ్లే సార్, కాగితం మాత్రం చదవరు" అని నవ్వాడు. ఆయనా నవ్వాడు.

నా ఉద్యోగం ఏంటో తెలుసా? పోర్టులో సరుకు కాగితాలు చూడటం. బిల్ ఆఫ్ లేడింగ్‌లో ఒక్క సున్నా తేడా ఉన్నా పట్టుకుంటాను. నా సొంత 28,000 కాగితం మాత్రం డ్యాష్‌బోర్డులో మూడు నెలలు నిద్రపోయింది. నోట్లోంచి మాట రాలేదు నాకు. వాడన్న దాంట్లో ఆ ఒక్క ముక్క నిజం కావడమే ఎక్కువ మండుతోంది.

తర్వాత దయ తలిచాడు లెండి. మీరు కాబట్టి 14,000కే మళ్లీ పాలిష్ కొట్టి కోటింగ్ వేస్తామన్నాడు. ఎంత ధర్మాత్ముడో.

వచ్చే దారిలో తెలిసిన పెయింటింగ్ మేస్త్రి దగ్గర ఆపాను. ఆయన చూసి, తుప్పు నీ కారుది కాదయ్యా అన్నాడు. బ్రేకుల్లోంచి, రైలు పట్టాల మీంచి, ఫ్యాక్టరీల నుంచి లేచే ఇనుప రజను వచ్చి పెయింటుకి అతుక్కుని, ఈ ఉప్పు తేమకి అక్కడే తుప్పు పట్టిందట. ఏదో మందు కొట్టాడు, చుక్కలన్నీ ఊదా రంగుకి తిరిగి కారిపోయాయి, 600 తీసుకున్నాడు. రెట్ట మచ్చకి మాత్రం పాలిష్ తప్పదట. అదీ మచ్చ ఉన్నంత మేరకే కొట్టించుకో, రంగు మీదుండే పారదర్శకమైన పొర, క్లియర్ కోట్ అంటారు, మన వెంట్రుక మందం కూడా ఉండదు, పాలిష్ కొట్టిన ప్రతిసారీ కొంత అరుగుతుంది అన్నాడు. కోటింగ్ అంటే దాని మీద ఇంకా పలచటి పొర, దాంతో దుమ్ము తేలిగ్గా వదులుతుంది, కడగడం సులువవుతుంది, అంతేగాని కడిగే పని తప్పదు. ఈ ముక్క ఫిబ్రవరిలో చెప్పే నాథుడే లేకపోయాడు. కాదు, కుర్రాడు చెప్పాడు పాపం.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. నోటిమాటకి రుజువేది అంటారు, తెలుసు.

మీకు పనికొస్తుందంటే ఇవి చూసుకోండి. సముద్రం దగ్గర ఉంటే వారానికోసారి కడగాల్సిందే, చక్రాల లోపలి వైపు, కారు అడుగున కూడా నీళ్లు కొట్టించాలి. హైదరాబాద్ లాంటి చోట రెండు వారాలు ఆగినా పర్లేదు. పొద్దున్నే గానీ ఎండ తగ్గాక గానీ కడగండి, బానెట్ కాలుతున్నప్పుడు వద్దు. పొడి గుడ్డతో దులపడం అసలొద్దు, గీతలు పడతాయి. రెట్ట పడితే తడి గుడ్డ కాసేపు వేసి నానాక తీయండి. కోటింగ్ వాడు నోటితో చెప్పింది ఏదైనా వాట్సాప్‌లో పెట్టమనండి, పెట్టకపోతే లేచి వచ్చేయండి.

ఆ కార్డు వెనకవైపు ఫొటో కావాలంటే అడగండి, పెడతాను. జూమ్ చేస్తేగాని కనపడదు.