డెబియన్ 13 సమీక్ష: డిఫాల్ట్ పైథాన్ మారిన రోజు మా సర్వర్‌లో ఏం జరిగింది

కొత్త ఆపరేటింగ్ సిస్టం విడుదలైనప్పుడు కెర్నెల్ గురించి, డెస్క్‌టాప్ రూపురేఖల గురించి రాయడం పరిపాటి. నేను ఇక్కడ వాటి జోలికి వెళ్లడం లేదు. స్వచ్ఛంద సేవకులు తయారుచేసే లినక్స్ ఆపరేటింగ్ సిస్టం డెబియన్‌లో 2025 ఆగస్టు 9న విడుదలైన 13వ వెర్షన్‌ను నేను ఒకే ఒక్క కోణం నుంచి చూశాను. వేల ప్యాకేజీలు (సిస్టంతో వచ్చే సాఫ్ట్‌వేర్ ముక్కలు) ఆధారపడి ఉన్న పైథాన్ ప్రోగ్రామింగ్ భాష వంటి డిఫాల్ట్‌ను, అంటే విడిగా ఏదీ ఎంచుకోకపోతే నడిచే వెర్షన్‌ను, ఎప్పుడు మార్చాలి అన్న ప్రశ్నకు ఈ విడుదల ఇచ్చిన సమాధానం ఏమిటి, మా గ్రంథాలయం లాంటి చిన్న చోట అది ఎలా పనిచేసింది అన్నదే ఈ సమీక్ష. మా సర్వర్‌లో తెలుగు పుస్తకాల సూచిక, సభ్యుల వివరాలు, ఒక చిన్న వెబ్‌సైట్ ఉన్నాయి. వాటిని చూసుకునేది నేనొక్కడినే.

2023 జూన్‌లో వచ్చిన డెబియన్ 12లో డిఫాల్ట్ పైథాన్ 3.11. డెబియన్ 13లో అది 3.13. మధ్యలో వచ్చిన 3.12 డెబియన్ స్టేబుల్ (అందరి వాడకానికి ఇచ్చే స్థిరమైన) విడుదల దేనిలోనూ డిఫాల్ట్ కాలేదు. పైథాన్ ఏటా అక్టోబరులో ఒక కొత్త వెర్షన్ ఇస్తుంది. డెబియన్ సుమారు రెండేళ్లకు ఒకసారి విడుదలవుతుంది. కాబట్టి దేన్ని ఎంచుకోవాలి, దేన్ని వదిలేయాలి అనే నిర్ణయం ప్రతిసారీ తప్పదు.

పైకి చూస్తే ఇది చాలా చిన్న పని. పైథాన్3 అని టైప్ చేసినప్పుడు ఏ వెర్షన్ నడవాలో చెప్పేది ఒక లింకు మాత్రమే, దాన్ని మార్చడానికి నిమిషం కూడా పట్టదు. కష్టమంతా ఆ లింకు మీద ఆధారపడి ఉన్న ప్యాకేజీలతోనే. అందువల్ల డెబియన్‌లో ముందు కొత్త వెర్షన్‌ను పాతదాని పక్కనే చేరుస్తారు. సీ భాషలో రాసిన భాగాలున్న మాడ్యూళ్లను రెండు వెర్షన్ల కోసమూ మళ్లీ బిల్డ్ చేస్తారు. టెస్టులు నడిపి, విఫలమైన ప్రతి ప్యాకేజీ మీదా బగ్ నమోదు చేస్తారు. ఆ బగ్‌లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్ని మిగిలాకే లింకును కొత్త వెర్షన్ వైపు తిప్పి, చివరికి పాతదాన్ని తీసేస్తారు. పైథాన్ 3.13 వచ్చింది 2024 అక్టోబరు 7న. ఇంత పెద్ద మార్పులకు డెబియన్ తలుపులు మూసింది 2025 మార్చి 15న. అంటే ఈ పనికి దొరికిన వ్యవధి అయిదు నెలలకు కాస్త ఎక్కువ. స్వచ్ఛందంగా పనిచేసేవాళ్లు ఆ వ్యవధిలో దీన్ని పూర్తిచేయడం నాకు ఇప్పటికీ గొప్పగానే అనిపిస్తుంది. అదే ఏడాది అక్టోబరులో వచ్చిన 3.14 కోసం విడుదలను ఆపకపోవడం కూడా సరైన నిర్ణయమే.

ఇక మా సర్వర్ సంగతి. అప్‌గ్రేడ్ ఏ ఆటంకమూ లేకుండా ముగిసింది, యంత్రం తిరిగి లేచింది, కానీ పుస్తకాల సూచిక పేజీ తెరవగానే సర్వర్ ఎర్రర్ వచ్చింది. వెబ్ సర్వర్ ప్రోగ్రాం అపాచీ ఎర్రర్ లాగ్ తెరిస్తే చివరి వరుసలో, వెబ్ అభ్యర్థనలను చదవడానికి వాడే సీజీఐ అనే మాడ్యూల్ లేదని ఉంది. పైథాన్‌తోపాటే వస్తూ వచ్చిన ఆ పాత మాడ్యూల్‌ను 3.13లో పూర్తిగా తొలగించారు. మా సూచిక ప్రోగ్రాం మొదటి వరుసే దాన్ని పిలుస్తుంది. అదే లాగ్‌లో కాస్త పైకి వెళ్లి, అప్‌గ్రేడ్‌కు ముందు రోజుల వరుసలు చూసినప్పుడు నా మనసు చివుక్కుమంది. సీజీఐని 3.13లో తీసేయబోతున్నామని పైథాన్ 3.11 ప్రతి అభ్యర్థనకూ ఒక హెచ్చరిక రాస్తూనే ఉంది. డెబియన్ 12కు మారిన నాటి నుంచీ ఆ వరుస అక్కడే ఉంది, నేను ఒక్కసారైనా చదవలేదు.

ఆ పూట విడిగా దొరికే లెగసీ-సీజీఐ ప్యాకేజీతో పని నడిపించి, తర్వాతి వారంలో ఆ ప్రోగ్రాంను ఫ్లాస్క్ అనే పైథాన్ వెబ్ లైబ్రరీతో తిరగరాశాను. వెబ్‌సైట్ కూడా ఆగిపోయింది, అయితే దాని కారణం వేరు. 3.11తో సృష్టించిన వర్చువల్ ఎన్విరాన్‌మెంట్ (ఒక ప్రాజెక్టు లైబ్రరీలను విడిగా ఉంచే ఫోల్డర్) లోని లింకు ఇప్పుడు 3.13ను చూపిస్తోంది, లైబ్రరీలేమో 3.11 పేరుతో ఉన్న ఫోల్డర్‌లోనే ఉండిపోయాయి. దాన్ని తీసేసి కొత్తగా సృష్టించడానికి పది నిమిషాలు పట్టింది.

డేటాబేస్ విషయంలో డెబియన్ తీరు పూర్తిగా భిన్నం, నాకు అది మరింత నచ్చింది. మేం వాడే డేటాబేస్ పోస్ట్‌గ్రెస్ డిఫాల్ట్ వెర్షన్ 15 నుంచి 17కు మారినా, మన డేటాను అది ముట్టుకోదు. అప్‌గ్రేడ్ తర్వాత క్లస్టర్ల (విడివిడిగా నడిచే డేటాబేస్ సర్వర్ల) జాబితా చూస్తే రెండు వరుసలు కనిపించాయి: 5432 పోర్టు మీద మా డేటాతో నడుస్తున్న 15, 5433 పోర్టు మీద ఖాళీగా ఉన్న 17. ఎప్పుడు మారాలన్నది పూర్తిగా నా ఇష్టం. ఈలోగా 15లోకి వెళ్లినప్పుడల్లా కొలేషన్ (అక్షరక్రమ నియమాల) వెర్షన్ సరిపోవడం లేదన్న హెచ్చరిక వచ్చింది. సిస్టంలోని మూల సీ లైబ్రరీ అయిన జీలిబ్‌సీ 2.36 నుంచి 2.41కు మారినందువల్ల అక్షరక్రమం నిర్ణయించే నియమాలు కూడా మారి ఉండవచ్చని దాని అర్థం. పుస్తకాల పేర్లన్నీ తెలుగులో ఉన్న మాకు ఇది చిన్న విషయం కాదు. త్వరగా వెతకడానికి డేటాబేస్ ఉంచుకునే ఇండెక్స్ ఒక క్రమంలో, పోలిక ఇంకొక క్రమంలో ఉంటే, ఉన్న పుస్తకం లేదని జవాబు వస్తుంది. డెబియన్ 10లో జీలిబ్‌సీ 2.28కు మారినప్పుడు చాలామంది పోస్ట్‌గ్రెస్ వాడుకదారులకు ఈ రకమైన ఇబ్బందే ఎదురైంది. అందుకే ఖాళీ 17ను తీసేసి, డంప్ (డేటా మొత్తం నకలు) తీసి తిరిగి నింపే పద్ధతిలో డేటాను మార్చాను. దానివల్ల ఇండెక్స్‌లన్నీ కొత్తగా తయారవుతాయి.

ఆలస్యంగా మారడం వల్ల కలిగే మేలుకు ఫైళ్లను కుదించే సాఫ్ట్‌వేర్ ఎక్స్‌జెడ్‌కు సంబంధించిన 2024 మార్చి నాటి ఉదంతాన్ని చెప్పుకోవాలి. దూరం నుంచి సర్వర్‌లోకి వెళ్లడానికి వాడే ఎస్ఎస్‌హెచ్ లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందని గమనించిన పోస్ట్‌గ్రెస్ డెవలపర్ ఆండ్రెస్ ఫ్రాయిండ్, ఎక్స్‌జెడ్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో దొంగదారి ఉందని మార్చి 29న బయటపెట్టారు. ఆ వెర్షన్లు అప్పటికే, విడుదలకు ముందు పరీక్షించే డెబియన్ అన్‌స్టేబుల్, టెస్టింగ్ శాఖలకు చేరాయి, స్టేబుల్‌కు చేరలేదు. అయితే ఆలస్యం తనంతట తాను దేన్నీ పట్టుకోలేదు, ఒక మనిషి పట్టుకున్నాడు. మనిషి పట్టుకోవడానికి కావలసిన సమయం మాత్రం ఆలస్యమే ఇచ్చింది.

లోపాలూ ఉన్నాయి. రెండేళ్ల ఎడం వల్ల రెండు పైథాన్ వెర్షన్ల తొలగింపులు ఒకేసారి మీద పడతాయి: 3.12లో పోయిన డిస్ట్‌యుటిల్స్, 3.13లో పోయిన సీజీఐ, టెల్నెట్‌లిబ్, క్రిప్ట్ మాడ్యూళ్లు అన్నీ ఒకే రాత్రి మాయమవుతాయి. అప్‌గ్రేడ్ ప్రోగ్రాం డెబియన్ ప్యాకేజీలను చూసుకుంటుందే తప్ప మనం రాసుకున్న స్క్రిప్టులను చూడదు. కనీసం పాత వర్చువల్ ఎన్విరాన్‌మెంట్లు ఉన్నాయని తెరమీద ఒక్క మాట చెప్పినా ఎంతో మేలు జరిగేది. 11 నుంచి నేరుగా 13కు దూకడానికి వీల్లేదు, 12 మీదుగానే రావాలి.

నా అభిప్రాయంలో డెబియన్ 12 మీద ఉన్నవారు తొందరపడనక్కర్లేదు. దానికి సాధారణ భద్రతా మద్దతు మూడేళ్లు, ఆ తర్వాత ఎల్‌టీఎస్ (దీర్ఘకాల మద్దతు) బృందం మద్దతు 2028 జూన్ 30 వరకు ఉంది. ఆ సమయాన్ని మాత్రం వృథా చేయకండి. ఈ వారమే ఎర్రర్ లాగ్ తెరిచి డెప్రికేషన్ (మున్ముందు తీసేస్తామన్న హెచ్చరిక) అన్న పదం కోసం వెతకండి, సొంత స్క్రిప్టులను ఒక వర్చువల్ మెషీన్‌లో 3.13 మీద నడిపి చూడండి, అవి నడిచిన తర్వాతే తేదీ పెట్టుకోండి. మా సర్వర్‌లో ఇప్పుడు నెలకు ఒకసారి ఆ వెతుకులాట దానంతటదే జరిగి, దొరికిన వరుసలు నా మెయిల్‌కు వస్తున్నాయి. మొదటి నెల నాలుగు వచ్చాయి, వాటిలో మూడింటిని సరిచేశాను.