హోవర్‌క్రాఫ్ట్ డక్టు: రేకుతోనా, ఫోమ్‌తోనా?

ఫైనల్ ఇయర్ ప్రాజెక్టుల రోజులొచ్చాయంటే కుర్రాళ్లు నన్ను అడిగేది ఒకటే. "అన్నా, థ్రస్ట్ డక్టు దేనితో చేస్తే తేలిక? ఖర్చెంత?" హోవర్‌క్రాఫ్ట్ అంటే గాలి మెత్త మీద తేలుతూ పోయే బండి. దాన్ని ముందుకి తోసే ఫ్యాను చుట్టూ ఉండే గుండ్రటి గోడే డక్టు, ఆ తోపుడు బలమే థ్రస్ట్. బరువు అడుగుతారు, డబ్బు అడుగుతారు. చేసిన డక్టు గుండ్రంగా నిలుస్తుందా అని మాత్రం ఎవరూ అడగరు. నా మటుకు తేల్చుకోవాల్సింది అదే.

ఒక మనిషి ఎక్కే బండి, 900 మి.మీ. ఫ్యాను అనుకుందాం. అదే ఇంజిను, అదే ఫ్యాను, చుట్టూ సరైన డక్టు. బండి కదలకుండా ఉన్నప్పుడు, కాగితం లెక్క ప్రకారం థ్రస్ట్ 26 శాతం పెరగాలి. మొత్తం థ్రస్ట్‌లో సగం రెక్కలది కాదు, గాలి లోపలికి మళ్లే చోట డక్టు అంచు మీద పుట్టేది. అది దక్కాలంటే అంచు లావుగా, నున్నగా వంపు తిరిగి ఉండాలి. రెక్క కొసకీ గోడకీ మధ్య సందు నాలుగైదు మి.మీ. దాటకూడదు.

రేకు పని అందరికీ తెలిసిందే. ప్లైవుడ్ రింగులు రెండు కోసి, లోపల అల్యూమినియం రేకు చుట్టి రివెట్లు కొట్టడమే. చకచకా అయిపోతుంది. నాలుగు మి.మీ. సందు వదిలితే లోపలి చుట్టుకొలత 2853 మి.మీ. వస్తుంది. ఎనిమిదడుగుల రేకు 2440 దగ్గరే అయిపోతుంది కనుక అతుకు తప్పదు. ఆ అతుకు దగ్గరే రేకు వంపు తిరగనని మొండికేస్తుంది. పైగా దాన్ని ఒక వైపుకే వంచగలం, అంచు కోసం రెండో వైపు కూడా వంచబోతే ముడతలు పడుతుంది. కాబట్టి అంచు విడిగా చేసి తగిలించుకోవాలి.

నా మొదటి డక్టు రేకుదే. షెడ్డులో కొలిస్తే సందు చుట్టూ ఐదు మి.మీ. బండిని నేల మీదికి దించి నేనెక్కి కూర్చుంటే హల్ (బండి ఒళ్లు) కొంచెం మెలిపడింది. ఒక పక్క తొమ్మిది, ఇంకో పక్క రెండు! ఇంజిను వేయకముందే చూసుకున్నాను కాబట్టి సరిపోయింది. 2500 ఆర్పీఎమ్ దగ్గర రెక్క కొస సెకనుకు 118 మీటర్లు పోతుంది మరి.

ఫోమ్ ముక్కల్ని రింగుగా అతికించి, ఫైబర్ గ్లాసు గుడ్డ, ఎపాక్సీ (గట్టిపడే జిగురు రెజిన్) వేసే పద్ధతి నిదానం, చేతికి దురద, ఖర్చూ ఎక్కువే. పాలిస్టర్ రెజిన్ చవక కదా అని తేకండి, అది థర్మకోల్ జాతి ఫోమ్‌ని కరిగించేస్తుంది. ఇంత కష్టమున్నా నా ఓటు దీనికే. అంచు వంపు ఫోమ్‌లోనే చెక్కుకోవచ్చు. అంతకంటే ముఖ్యం, దీన్ని షాఫ్టు మీదే గుండ్రం చేయొచ్చు. డక్టుని ఇంజిను ఫ్రేముకే గట్టిగా బిగించి, ఫ్యాను తీసేసి, షాఫ్టుకి 454 మి.మీ. చెక్క చెయ్యి తగిలించి, దాని కొసకి గరుకు కాగితం అంటించండి. లోపల పుట్టీ పూసి, ఆరాక ఆ చేతిని తిప్పుతూ అరగదీయండి. కుమ్మరి సారెకి తిరగేసిన పని: ఇక్కడ కుండ కదలదు, చెయ్యి తిరుగుతుంది. వృత్తం ఎక్కడ ఉండాలో టేపు కాదు, షాఫ్టే చెబుతుంది. పల్చటి రేకుని ఇలా అరగదీయలేం కదా. రెక్కలు తిరిగే పట్టీ దగ్గర మాత్రం గుడ్డ రెండు మూడు పొరలు ఎక్కువ వేయండి. వెనకా ముందూ జాలీ ఎలాగూ ఉండాల్సిందే.

నీలం ప్లాస్టిక్ డ్రమ్ము కోసి వాడొచ్చా అంటే, 900 ఫ్యానుకి అది చాలదు, దాని మీద ఎపాక్సీ అంటదు కూడా. రెడీమేడ్ డక్టు తెప్పించుకోవచ్చు. కాకపోతే డక్టంటే చాలావరకు ఖాళీ జాగా, కొరియర్ వాళ్లు ఆ జాగాకీ బిల్లు వేస్తారు.

వైవా వచ్చే వారమే అయితే రేకుతోనే చేయండి. కానీ థ్రస్ట్ కొంత పోయినా సరే, సందు పది మి.మీ. ఉంచండి, మనిషి ఎక్కి కూర్చున్నాకే కొలవండి.